యూనిఫాం ముక్కతో పెన్సిల్ సంచి

జూన్ దగ్గరపడితే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో కుట్టుమిషన్ ఉన్న ఇళ్లకు తీరిక ఉండదు. బడులు తెరిచేలోగా యూనిఫాంలు కుట్టి ఇవ్వాలి కదా! 2020లో మొదలైన జగనన్న విద్యాకానుక కిట్టులో ప్రభుత్వ బడి పిల్లలకు మూడు జతల యూనిఫాం బట్ట ఇచ్చారు. కుట్టించుకునే పని తల్లిదండ్రులది. 2025లో ఆ కిట్టు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. పేరు మారినా కత్తెర కింద ముక్కలు మిగలడం మాత్రం మారలేదు.

బ్యాగు, పుస్తకాలు, బూట్లు, బెల్టు... అన్నీ వచ్చాయి సరే, పెన్సిళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? బ్యాగు అడుగున పడేస్తే మొన విరుగుతుంది, లేదంటే ఏ చిరుగులోంచో జారిపోతుంది. టీచరు లెక్క చెబుతుంటే పెన్సిల్ కోసం పక్కపిల్ల వైపు చూస్తూ కూర్చున్న పిల్లకు ఆ లెక్క సగమే అందుతుంది. ఇంట్లో ముగ్గురు చదివేవాళ్లుంటే నెలనెలా కొత్త పెన్సిళ్లు కొనడమూ భారమే. యూరియా సంచిని కోసి కుట్టిన బ్యాగులతో చదువుకున్న నాన్నలకు ఈ బాధ బాగా తెలుసు.

అందుకే ఓ చిన్న సంచి. పుంగనూరు ఆవులాగా చూడటానికి చిన్నదే, ఇచ్చేది ఎక్కువ.

కొత్త పెన్సిల్ సుమారు ఏడు అంగుళాలు ఉంటుంది. కాబట్టి సంచి ఎనిమిది అంగుళాలు ఉండాలి. కుట్టులోకి పోయే బట్టను కలుపుకొని తొమ్మిది అంగుళాల చదరపు ముక్క యూనిఫాం బట్టలోంచి ఒకటి, లైనింగ్‌కు పాత నూలుచీరలోంచి ఇంకొకటి కత్తిరించాలి. జిప్పు పది అంగుళాలది తీసుకోండి. నైలాన్ పళ్లదే మేలు. ఇనుప పళ్ల మీద సూది పడితే సూదే విరుగుతుంది. కుప్పం నుంచి రైల్లో బెంగళూరు వెళ్లొచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే చిక్‌పేట వైపు నుంచి జిప్పులు టోకున తెప్పించుకోవచ్చు.

అసలు శత్రువు వృత్తలేఖిని. దాని మొన ఎంత మంచి బట్టనైనా నాలుగు రోజుల్లో పొడిచేస్తుంది, ఆనక బ్యాగులో చెయ్యి పెట్టిన పిల్లాడి వేలినీ పొడుస్తుంది. దీనికో ఉపాయం ఉంది. పాత జీన్స్ ప్యాంటులోంచి ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ముక్క తీసి, బయటి బట్టకూ లైనింగ్‌కూ నడుమ సరిగ్గా మధ్యలో పరిచి, రెండు వరుసలు కుట్టేయాలి. సంచి మడిచాక అడుగుభాగం అదే అవుతుంది. తొమ్మిది కాకుండా ఎనిమిదే ఎందుకంటే, జీన్స్ పక్క కుట్టులోకి వెళ్తే మిషన్ మొరాయిస్తుంది. సూది పదహారో నంబరు వేయండి. మొనకు చిన్న రబ్బరుముక్క గుచ్చి పెట్టుకోవడం కూడా పిల్లలకు అలవాటు చేయాలి.

రెండు బట్టల తప్పువైపులూ లోపలికి వచ్చేలా కలిపి చుట్టూ కచ్చాకుట్టు వేసుకుంటే ఇక ఒకే గుడ్డ. జిప్పును బోర్లించి ఒక అంచుకు కుట్టి, తిప్పి పైన ఇంకో కుట్టు వేయండి. ఎదుటి అంచును తెచ్చి జిప్పు రెండోవైపుకు అలాగే కుట్టాలి. ఇప్పుడది గొట్టంలా ఉంటుంది. తిరగేసి పక్కలు కుట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. జిప్పు సగం తెరిచారా? కొత్తగా కుట్టేవాళ్లంతా దొరికిపోయేది ఇక్కడే. మూసి కుట్టేస్తే సంచిని మంచివైపుకు తిప్పే దారే ఉండదు, కుట్టంతా విప్పుకోవాలి. అర అంగుళం లోపలికి పక్కలు కుట్టి, జిప్పు కొనల మీద రెండుసార్లు పోనిచ్చి, మిగిలింది కత్తిరించేయండి. పోగులు రాకుండా అంచులకు పేలిక చుట్టి కుట్టేస్తే అయిపోయినట్టే.

మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టుచీరలకు పేరు. అక్కడి పట్టు ముక్కలు చూస్తే సంచి మొత్తం వాటితోనే కుట్టాలనిపిస్తుంది. వద్దు. పట్టు అంచులు తొందరగా పోగులు లేస్తాయి, పెన్సిల్ పొడి మరక పట్టిందా పోదు, సబ్బుపెట్టి బాదలేం. కావాలంటే రెండంగుళాల ముక్కను మడిచి, పక్క కుట్టులో జిప్పు కొన దగ్గర చెవిలా పెట్టండి. పట్టుకుని జిప్పు లాగడానికి వీలు.

ఆ చెవితో మరో పని కూడా ఉంది. తరగతిలో అందరి సంచులూ ఒకే యూనిఫాం బట్టవి, ఒకే రంగువి. సాయంత్రం గంట కొట్టగానే 'నాది నాది' అని గొడవ. ఒకరికి ఎర్ర చెవి, ఒకరికి పసుపు చెవి పెడితే ఒకటో తరగతి పిల్ల కూడా తనదేదో చూడగానే పట్టేస్తుంది.