ఆ మాటలు ఇంగ్లీషువి కావు

నోటుపుస్తకంలో రెండు వరుసలు. ఎడమ పక్క ‘డిస్నియా’, కుడి పక్క ‘డిఫికల్టీ ఇన్ బ్రీతింగ్’. దాని కింద ‘టాకీకార్డియా’, ఎదురుగా ‘ర్యాపిడ్ హార్ట్ రేట్’. ఇట్లా ఐదు వందల మాటలు. ఆ పుస్తకం జీఎన్ఎం నర్సింగ్ కోర్సు మొదటి సంవత్సరం చదివే అమ్మాయిది. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంటి పిల్ల. అడిగినవన్నీ గడగడా ఒప్పజెప్పింది.

“డిస్నియా అంటే ఏందమ్మా?”

“డిఫికల్టీ ఇన్ బ్రీతింగ్, మేడమ్.”

“మీ అవ్వకు తెలిసేట్టు చెప్పు.”

తల వంచుకుంది. వాళ్ల అవ్వకు ఏళ్ల తరబడి దమ్ము. రాత్రిపూట అవ్వ లేచి కూర్చుని ఎగపోస్తుంటే వీపు రాసేది ఈ పిల్లే. పుస్తకంలోని డిస్నియా, ఇంట్లో తాను రోజూ చూసే దమ్ము ఒకటేనని ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రాలు నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పే నాకు ఇది కొత్త కాదు. అయినా ఆ రోజు చాలా బాధేసింది.

మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఏ తల్లిదండ్రులను కదిలించినా ఒకటే మాట. డాక్టరు కావాలన్నా, నర్సు కావాలన్నా ముందు ఇంగ్లీషు రావాలి, తెలుగు మీడియం పిల్లలకు ఆ చదువు ఎక్కదు. కోసిగి, పెద్దకడబూరు పల్లెల నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి పోయి, గుంటూరు వైపు చేలల్లో మిరపకాయలు కోసి, పిల్లలను ఊళ్లో అవ్వాతాతల దగ్గర వదిలి సంపాదించిన డబ్బును ఈ నమ్మకం మీద ఖర్చు పెడుతున్నారు. సెలవులొస్తే స్పోకెన్ ఇంగ్లీషు, ఆపైన మెడికల్ ఇంగ్లీషు అని మాటల జాబితాలు. పిల్ల బట్టీ పడుతుంది, పరీక్ష పాసవుతుంది. వార్డులో రోగి ముందు నిలబడితే నోరు పెగలదు. ఈ నమ్మకం తప్పని, మన పిల్లలకు నష్టం చేస్తోందని నేను గట్టిగా అంటున్నాను.

అసలు డిస్నియా ఇంగ్లీషు మాటే కాదు, గ్రీకు మాట. ఇంగ్లండులో పుట్టి పెరిగిన నర్సింగ్ విద్యార్థి కూడా దాన్ని కొత్తగా నేర్చుకోవాల్సిందే. వాళ్లింట్లో ఊపిరాడనప్పుడు డిస్నియా అని ఎవరూ అనరు. మందుల చీటీ మీద రాసే బి.డి., టి.డి.ఎస్. లాటిన్ మాటల పొట్టి రూపాలు. ఎస్.ఓ.ఎస్. అని రాస్తే ‘అవసరమైతేనే’ అని అర్థం. అదేదో ప్రమాద సంకేతమనుకుని కంగారు పడిన పిల్లలను చూశాను. ఈ మాటల దగ్గర కాన్వెంటు పిల్ల, మునిసిపల్ స్కూలు పిల్ల ఒకే గీత మీద నిలబడతారు.

ఇంకా చెప్పాలంటే తెలుగు బాగా వచ్చిన పిల్ల ఒకడుగు ముందే ఉంటుంది. గ్రీకు, సంస్కృతం దూరపు చుట్టాలు. సంస్కృతం నుంచి మన తెలుగులోకి వచ్చి స్థిరపడిన ముక్కలు ఎన్నో ఆ వైద్య పదాలకు తోబుట్టువులు. డిస్నియాలోని ‘డిస్’, మన దుస్థితిలోని ‘దుస్’ ఒకటే. అనీమియాలోని ‘అన్’, అనారోగ్యంలోని ‘అన్’ ఒకటే. గుండె చుట్టూ ఉండే పొర పెరికార్డియం, అందులో ‘పెరి’ మన పరిసరంలోని ‘పరి’. హైపర్‌కు ఉపరి, హైపోకు ఉప. ఆస్టియోకు అస్థి. డయాగ్నోసిస్‌లో ఉన్న ‘గ్నో’ మన జ్ఞానమే. ఒక సాయంత్రం ఇవన్నీ బోర్డు మీద రాస్తే పిల్లలు ఆ రోజు ఇంటికి పోవడానికి లేవలేదు. పదో తరగతి దాకా తెలుగులో చదివినందుకు సిగ్గుపడుతూ వచ్చిన పిల్లలు వాళ్లు.

ఇక మగ్గం సంగతి. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరు. 1938లోనే మాచాని సోమప్ప ఇక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. ఆ ఊరి పిల్లకు ‘టిష్యూ’ అంటే ‘గ్రూప్ ఆఫ్ సెల్స్’ అని బట్టీ పట్టిస్తున్నాం. టిష్యూ అంటే నేసినది. ఫ్రెంచి వాళ్ల నేత మాటలోంచి వచ్చింది. దాని శాస్త్రం హిస్టాలజీ, అందులో ‘హిస్టోస్’ అంటే గ్రీకులో మగ్గం, మగ్గం మీది నేత. నరాలు అల్లుకున్న చోటును ప్లెక్సస్ అంటారు, అంటే అల్లిక. సూచర్ అంటే కుట్టు, మనం కుట్లు పడ్డాయనే అంటాం. పుట్టినప్పటి నుంచి పడుగు పేకల మధ్య తిరిగిన పిల్లకు ఈ మాటలు పరాయివి ఎట్లా అవుతాయి?

ఆదోని పిల్లకు ఇంకా దగ్గరి మాట ఒకటుంది. ఇది పత్తి మార్కెట్ ఊరు, జిన్నింగ్ మిల్లుల ఊరు. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిసినోసిస్ అంటారు. ‘బిసోస్’ అంటే గ్రీకులో సన్నని నారబట్ట. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ బిగబట్టినట్టు ఉండడం దీని తొలి గుర్తు. తండ్రి మిల్లు నుంచి కనుబొమలకు దూది అంటించుకుని వచ్చే ఇంట్లో, ఆ మాటను జాబితాలో నూట నలభయ్యో నంబరుగా నేర్పుతున్నాం. ‘మీ నాయనకు సోమవారం ఛాతీ పట్టేస్తుందా?’ అని ఒక్కసారి అడిగితే ఆ పిల్ల దాన్ని జన్మలో మరిచిపోదు. నాయనకూ మేలు జరుగుతుంది.

పుస్తకాలు, కేస్‌షీట్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. చదవాల్సిందే, రాయాల్సిందే. వైద్యాన్నంతా తెలుగులోకి మార్చమని నేను అడగడం లేదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని ఉర్దూలో బోధించిందని మాత్రం మరవొద్దు. వైద్యం ఏ ఒక్క భాష సొత్తూ కాదనడానికి మన పక్కనే సాక్ష్యం ఉంది. విదేశాలకు పోవాలంటే అని ఇంకో మాట అంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లే నర్సులు రాసే ఓఈటీ పరీక్షలో మాట్లాడే భాగం చూడండి. రోగితోనో, రోగి తాలూకు మనిషితోనో మాట్లాడుతున్నట్టు రెండు సంభాషణలు నడపాలి. రోగి భయాన్ని విన్నారా, అతనికి అర్థమయ్యేట్టు చెప్పారా అని చూస్తారు. పెద్ద పెద్ద మాటలు దొర్లిస్తే అక్కడ మార్కులు రావు.

మాట తెలిసినంత మాత్రాన సరిపోదనడానికి మన వీధులే చాలు. మనవాళ్లు ‘స్ట్రోక్ వచ్చింది’ అంటే చాలాసార్లు గుండెపోటు. డాక్టరుకు స్ట్రోక్ అంటే మెదడుకు రక్తం ఆగడమో, మెదడులో రక్తనాళం చిట్లడమో, మన పక్షవాతం. ‘గ్యాస్ నొప్పి’ అని వచ్చిన మనిషికి వచ్చింది గుండెపోటే కావచ్చు. ఇంగ్లీషు మాట విన్నాను కదా అని నర్సు అదే రాసేస్తే ప్రాణం పోతుంది. ఎక్కడ నొప్పి, ఎడమ చేతికి పాకిందా, చెమట పట్టిందా అని తెలుగులో అడగాలి. పల్లెను బట్టి కన్నడంలోనో ఉర్దూలోనో అడగాలి. ఆదోనికి మెడికల్ కాలేజీ మంజూరైంది. దాన్ని ప్రభుత్వం నడపాలా, ప్రైవేటుతో కలిసి నడపాలా అని పెద్ద వాదం జరిగింది. అందులో చదివే పిల్లలు ఈ ఊరి రోగి మాట ఎట్లా నేర్చుకుంటారని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

ఆ అమ్మాయి నోటుపుస్తకంలో మూడో వరుస గీయించాను. అవ్వ దగ్గర కూర్చుని, అవ్వ అన్న మాటలే రాసుకుని రమ్మన్నాను. వారం తర్వాత తెచ్చింది. డిస్నియాకు ఎదురుగా దమ్ము, ఎగపోత, ఆయాసం. కింద పెన్సిల్‌తో ఇంకో వాక్యం: ‘పడుకుంటే ఎక్కువైతాది, లేచి కూర్చుంటే తగ్గుతాది.’

“దీనికి వేరే పేరుందా మేడమ్?”

“ఉంది. ఆర్థాప్నియా. ‘ఆర్థో’ అంటే నిటారుగా. ఇట్లా ఉంటే గుండె కూడా చూపించాలమ్మా.”

వెంటనే పుస్తకం మూసి నాయనకు ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున బస్సుకే అవ్వను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.