పాలపండ్ల నుపేక్షింపరాదు

"ఎట్లును ఊడిపోవునవే గదా" యని పాలపండ్లనుగూర్చి మన యిండ్లలో ననుట కద్దు. ఈ మాటవలన గలుగు హాని యింతింత గాదు.

పాలపండ్లు 20. ఇవి నమలుటకే గాక, వెనుక రాబోవు పండ్లకు చోటు కాపాడుటకును ఉన్నవి. ఇంచుమించు ఆఱవయేట వీని కన్నిటికిని వెనుక నొక పెద్ద దవడపన్ను మొలచును. ఏ పన్నును ఊడకుండ వచ్చునది గనుక దానినిగూడ పాలపన్నే యని పెక్కుమంది భ్రమపడుదురు. దాని ముందున్న పాలదవడపన్ను 10, 12 ఏండ్లవఱకు నిలువవలసినది. అది పుచ్చి ముందుగనే పోయినచో వెనుకపన్ను ముందునకు జరిగి యా చోటు నాక్రమించును. పిదప రావలసిన పన్ను ఎముకలోనే చిక్కుకొనును, లేదా ప్రక్కకు దొలగి మొలచును. పైకోరపన్ను 11, 12 ఏండ్లకు గాని రాదు; ఆలస్యముగ వచ్చినవానికి చోటు దొరకదు గదా! పన్నుమీద పన్నని బడిలో వెక్కిరింతకు గుఱియగునది తఱచుగా నిదియే.

వంకరలన్నియు ఉపేక్షవలననే కలుగవు. చిన్నదవడయు పెద్దపండ్లును వంశమున రావచ్చును. కొందఱికి కొన్నిపండ్లు పుట్టనే పుట్టవు. కొందఱికి పైపండ్ల నడుమ నొక చిన్నపన్ను అదనముగ మొలచును. ఇందు బిడ్డ చేసిన తప్పేమి? పైపండ్లు ముందు వచ్చిన మేనమామకు గండమనుట యెట్టిదో, పండ్లనుబట్టి పేరుపెట్టి పిలుచుటయు నట్టిదే.

తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డ కేడవయేట, నొప్పి లేకున్నను, ఒకసారి దంతవైద్యునకు నోరు చూపింపుడు. పాలపన్ను ముందుగా తీయవలసివచ్చిన, ఆ చోటు నిలుపుటకు చిన్న తీగకట్టు అమర్ప వీలగునేమో యడుగుడు.