బ్యాండ్ అతిథుల కోసమేనా?

మా సీతమ్మధార అపార్ట్‌మెంట్లలో సైడ్ డ్రమ్ ప్రాక్టీసు అంటే మాటలు కాదు. మా పాప పాత రబ్బరు చెప్పు మీద కర్రలతో కొట్టుకుంటుంది. అయినా కింద ఫ్లాట్ ఆంటీ రెండుసార్లు పైకొచ్చారు. నా గొడవ ఆవిడతో కాదు, మా స్కూలు పేరెంట్స్ గ్రూపుతో.

రాష్ట్ర స్థాయి బ్యాండ్ పోటీ దగ్గరకొచ్చింది. కేంద్ర విద్యాశాఖ, రక్షణ శాఖ కలిసి నడిపే జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీకి అది మొదటి మెట్టు. ఇక్కడ గెలిస్తే జోన్, అక్కడా గెలిస్తే రిపబ్లిక్ డే ముందు ఢిల్లీలో ఫైనల్. సరిగ్గా ఇప్పుడే గ్రూపులో వరసగా మెసేజీలు: "తొమ్మిదో తరగతి పిల్లల్ని తప్పించండి, ఫౌండేషన్ క్లాసులు పోతున్నాయి." స్కూలు వాళ్ళూ సరేననేలా ఉన్నారు.

ఆగస్టు 15న ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తే, అంతసేపూ ఎండలో నిలబడ్డది ఈ పిల్లలే. అప్పుడు పోలేదా క్లాసులు? ఆ ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకున్నది మనమే కదా! పెద్దవాళ్ళకి స్వాగతం చెప్పడానికి పనికొచ్చిన బ్యాండ్, పిల్లలు తమకోసం వాయించుకునే రోజొచ్చేసరికి చదువుకి అడ్డమైపోయిందా?

ఇది చెస్ కాదు, ఒకరు మానేస్తే వాళ్ళ ఆటే పోవడానికి. బేస్ డ్రమ్ దెబ్బని బట్టే అందరి అడుగూ పడుతుంది. మూడేళ్ళ క్రితం మా పెద్దాడు వాయించింది అదే. పోటీ ఇంకో పది రోజులుందనగా వాణ్ణి మాన్పించింది నేనే. వాళ్ళ టీమ్ అసలు వెళ్ళనే లేదు. ఆ పది రోజుల్లో వాడు అదనంగా ఏం చదివాడో అడిగితే చెప్పలేను. వాడి స్నేహితులు మా ఇంటికి రావడం మానేశారు. అది మాత్రం గుర్తుంది.

"బ్యాండ్ అన్నం పెడుతుందా?" అన్నారొకాయన. మరి నేవీ డేకి ఆర్కే బీచ్‌లో పిల్లల్ని భుజాలకెత్తుకుని చూసేది ఎవర్నండీ? ఆ బ్యాండ్ వాళ్ళకి జీతాల్లేవా? వాళ్ళకి సంగీతం నేర్పడానికే ముంబైలో ఐఎన్‌ఎస్ కుంజలిలో ప్రత్యేకంగా ఓ స్కూలుంది. అలాగని మా పాప నేవీలో చేరాలని కాదు. ఢిల్లీలో మొదటి బహుమతి 21,000 రూపాయలు, అదీ టీమ్ మొత్తానికి. మన ఫౌండేషన్ కోర్సు ఫీజులో ఓ మూలకి రాదు. పిల్లలకి ఆ సంగతి తెలుసు. తెలిసే పొద్దున్నే లేస్తున్నారు.

మా పాప పేరు తీయొద్దని గ్రూపులో రాశాను. ఇద్దరు బొటనవేలు పెట్టారు. ఒకావిడ గ్రూపులోంచే వెళ్ళిపోయారు. శనివారం ఆరింటికి ప్రాక్టీసు. ట్రంపెట్ పిల్లలిద్దరూ వస్తారో రారో. పాపని గ్రౌండ్ దగ్గర తనే దింపుతానన్నాడు పెద్దాడు.