వీగన్ బోర్డు ఫత్వా కాదు



మల్లాపూర్‌లో ఉన్న అమ్మీకి ఫోన్ చేసి, "గోష్త్ అసలే లేని హోటల్‌కి వచ్చినం" అని చెప్పాను. "కూరగాయలే కదా బేటా, ఇంక ఫికర్ ఏముంది" అంది. నా ఏతరాజ్ అమ్మీ మీద కాదు, ఆ ఖయాల్ మీద. మన ఇళ్లల్లో అందరిదీ అదే ఖయాల్: గోష్త్ లేకుంటే చాలు, హలాలే.

దుబాయ్ నుంచి నాలుగు రోజుల ఛుట్టీ మీద లిస్బన్‌లో పనిచేసే మా భాంజా దగ్గరికి వెళ్లాను. పోర్చుగీసు వాళ్ల పాత వంటలను గోష్త్, చేప, గుడ్డు, పాలు ఏదీ లేకుండా చేసే హోటల్‌కి తీసుకెళ్లాడు. "మామూ, బయట ఎక్కడ చూసినా సువ్వర్ గోష్తే. ఈ ముల్క్ జాయికా తెలియాలంటే ఇదొక్కటే బేఫికర్ జాగా" అన్నాడు.

ముందు బిఫానా అడుగుదామన్నాడు. అసలు బిఫానా అంటే సువ్వర్ గోష్త్‌ను వెల్లుల్లి, తెల్ల వైన్‌లో నానబెట్టి, వండి, బన్నులో పెట్టేది. ఇక్కడ గోష్త్ బదులు గోధుమ జిగురుతో చేసిన ముక్కలు. తర్వాత ఫ్రాన్సెసీన్యా. పోర్తో షహర్ వాళ్ల శాండ్‌విచ్ అది. చుట్టూ పోసే ఎర్రటి సాలన్‌లో బీరు పడుతుంది. నేను వడ్డించే అమ్మాయిని అడిగాను: వైన్, బీరు మీరూ వేస్తారా? ఆమె బావర్చీఖానాలోకి వెళ్లి కనుక్కొని వచ్చింది. రెండింట్లోనూ ఉన్నాయని సాఫ్‌గా చెప్పింది.

భాంజా మొహం వాడిపోయింది. "ఎన్నిసార్లు తిన్ననో మామూ" అన్నాడు.

అక్కడ ధోకా ఎవరూ చేయలేదు. వీగన్ అంటే జానవర్ నుంచి వచ్చింది ఏదీ లేదని మాత్రమే. ద్రాక్ష చెట్టుకే కాస్తుంది, బార్లీ పొలంలోనే పండుతుంది. బోర్డు అబద్ధం చెప్పలేదు, అది చెప్పని మాట మనమే చదువుకున్నాం. "ఉడికితే ఎగిరిపోతది" అనేవాళ్లకూ ఒక మాట: అంతా ఎగిరిపోదు, కొంత మిగులుతుంది.

తమాషా చూడండి. వాళ్ల మశ్హూర్ వంట బకల్యౌ, అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప. దాన్ని ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, గుడ్డుతో కలిపి వండుతారు. ఆ అసలీ చేప మనకు హలాల్. ఈ నఖ్లీ గోష్త్, వైన్ వల్ల, కాదు. చివరికి మేము పుట్టగొడుగులతో చేసిన నఖ్లీ బకల్యౌ తిన్నాం. అందులో షరాబ్ లేదని ఆమెతో చెప్పించుకున్నాకే. రుచి బాగుంది, దాచను.

మెనూలో అల్యేయిరా అనే సాసేజ్ కూడా ఉంది. దాని కహానీ మన పిల్లలకు చెప్పాలి. 1496 చివర్లో రాజు మాన్యుయెల్ యూదులు, ముసల్మానులు ముల్క్ వదలాలని హుకుం ఇచ్చాడు. 1497లో యూదులను జబర్దస్తీగా క్రైస్తవులను చేశారు. 1536లో ఇన్‌క్విజిషన్ మొదలైంది. ఇంట్లో సువ్వర్ సాసేజ్ వేలాడకుంటే షక్ పడతారని, వాళ్లు కోడి, రొట్టె కూర్చి అదే షకల్‌లో సాసేజ్ చేసి వేలాడదీశారని చెప్పుకుంటారు. భాంజా గది ఉన్న మొహల్లా పేరు మౌరారియా. 1147లో లిస్బన్ చేజారాక ముసల్మానులను ఉంచిన మొహల్లా అది. ఆ గల్లీల్లో నడుస్తూ అనుకున్నాను: థాలీలో ఏముందో చూసి మనిషిని తూచే హుకూమత్ ఎక్కడైనా జాలిమే. తన థాలీలో ఏముందో అడగడం మాత్రం మనిషి హఖ్.

ఇప్పుడు మన దస్తర్‌ఖాన్ మాట. మన షాదీకి వచ్చిన అయ్యప్ప స్వామో, శాకాహారి దోస్తో, "వెజ్ పులావ్ దేగ్ వేరేనా? గరిటె వేరేనా?" అని అడిగితే మనకు కోపం. "మా మీద ఐతబార్ లేదా" అని మొహం ముడుచుకుంటాం. ముక్కలు తీసేసి యఖ్నీ అన్నం వడ్డించి, "తిను, ఏం కాదు" అన్నవాళ్లను నేను చూశాను. అది మేహ్మాన్ నవాజీ కాదు, ఖియానత్. లిస్బన్‌లో ఆ అమ్మాయి నా సవాల్‌ను తౌహీన్ అనుకోలేదు. లోపలికి వెళ్లి కనుక్కొని నిజం చెప్పింది. మనం ఆ మాత్రం చేయలేమా?

భాయియో, బహనో, పర్‌దేశ్‌లో ఉన్న మీ పిల్లలకు ఈ రాత్రే చెప్పండి: బోర్డు చూసి తినొద్దు, అడిగి తినాలె. అడగడంలో షరం లేదు. రేపు మీ ఇంటికొచ్చిన మేహ్మాన్ అదే సవాల్ అడిగితే, కోపం తెచ్చుకోకుండా దేగ్ మూత తీసి చూపించండి. ఆ హఖ్ మనకెంతో, అతనికీ అంతే.