306వ గది, వీధిలో పడ్డ సామాన్లు

మూతపడ్డ హోటల్ని ఏం చేయాలన్నది డబ్బున్నోళ్ల ముచ్చట, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. హోటల్ గడప మనల్ని ఊరికే వదిలిందా? టీ హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టారు, తాగినాక మనచేతే కడిగించారు. అమెరికాలో చదివొచ్చిన అంబేద్కర్‌ని సైతం 1917లో బరోడాలోని పార్శీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి గెంటేశారు. కాబట్టి హోటల్ సంగతి మన సంగతే.

అమెరికాలో మెంఫిస్ అనే పట్నం ఉంది. అక్కడ తెల్లోళ్ల కోసం కట్టిన ఒక హోటల్ని 1945లో వాల్టర్ బెయిలీ అనే నల్లజాతి మనిషి కొని, లోరైన్ అని పేరు పెట్టి నడిపాడు. తెల్లోళ్ల హోటళ్లలో నల్లోళ్లకు గది ఇవ్వని రోజులవి. పేరుమోసిన నల్లజాతి గాయకులు కూడా లోరైన్‌లోనే దిగేవాళ్లు. బెయిలీ చేసిందే ఆ కట్టడానికి మొదటి మార్పు. గోడలు అవే, లోపలికి రాగలిగే మనుషులు మారారు.

1968 ఫిబ్రవరి 1న ఆ ఊళ్లో వానకు చెత్త లారీలో తలదాచుకున్న ఇద్దరు పాకీ పనివాళ్లు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, యంత్రంలో పడి నలిగి చచ్చిపోయారు. దాదాపు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగారు. 'నేను మనిషిని' అని అట్టల మీద రాసి మెడలో వేసుకుని నడిచారు. ఈ మాట మన వాడల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ లోరైన్‌లో 306వ గదిలో దిగాడు. ఏప్రిల్ 4 సాయంత్రం ఆ గది ముందు వరండాలో నిలబడి ఉండగా కాల్చి చంపారు.

బెయిలీ ఆ గదిని మళ్లీ అద్దెకివ్వలేదు. వ్యాపారం దెబ్బతిని 1982లో హోటల్ వేలానికొచ్చింది. స్థానికులు చందాలెత్తి, అప్పుచేసి, కార్మిక సంఘం సాయంతో 1,44,000 డాలర్లకు దాన్ని దక్కించుకున్నారు. 1991లో అది పౌరహక్కుల మ్యూజియం అయింది. కింగ్ గది ఆ రోజు ఉన్నట్టే ఉంది. చెత్త లారీ కూడా అక్కడుంది.

ఇక్కడిదాకా సంతోషమే. అయితే 1988లో హోటల్ మూసినప్పుడు అక్కడే పనిచేసి అక్కడే బతుకుతున్న ఒక నల్లజాతి స్త్రీ ఖాళీ చేయనంది. అధికారులొచ్చి ఆమెను సామాన్లతో సహా వీధిలో పెట్టారు. ఆమె ఏళ్ల తరబడి ఎదురు రోడ్డు పక్కనే కూచుని అడిగింది: కింగ్ పేరుమీద పేదలకు ఇళ్లు కావాలిగానీ మ్యూజియం ఎందుకు?

మ్యూజియం వద్దని మేం అనం. 1991లోనే, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మందిని నరికితే, వాళ్లను పూడ్చిన చోటుకు రక్తక్షేత్రం అని పేరుపెట్టుకున్న జాతి మనది. గుర్తు చెరిగితే కేసు కూడా చెరుగుతుందని మనకు తెలుసు. కానీ ఆమె అడిగింది గొంతెమ్మ కోరిక కాదు. హోటల్ గదికి తలుపూ, నీళ్ల కుళాయీ, దొడ్డీ ముందే ఉంటాయి. పొయ్యి పెట్టుకునే జాగా ఒక్కటే వెతకాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు కాలిఫోర్నియా ప్రభుత్వం హోంకీ అనే పథకం పెట్టి, హోటళ్లను కొనిపించి ఇల్లులేనోళ్లకు ఇళ్లు చేసింది. చేయాలనుకుంటే అయ్యే పనే. మెంఫిస్‌లో ఆమెకు ముందు ఇంకోచోట ఇల్లు చూపించి, ఆ తర్వాత తాళం వేసుంటే ఎవరి సొమ్ము పోయేది?

కార్యకర్తలకు మా మాట. మీ మండల కేంద్రంలో పాత అతిథి గృహమో, సర్కారు చేతిలో ఉన్న హోటలో తాళం పడి ఉందేమో చూడండి. మన పిల్లల హాస్టల్ అద్దె కొంపలో నడుస్తుంటే ఆ కట్టడం ఇమ్మని సోమవారం కలెక్టరు దగ్గర అర్జీ పెట్టండి. అక్కడ ఊడ్చేవాళ్లు, కావలివాళ్లు ఎవరైనా కాపురముంటే వాళ్లకు ఇల్లు చూపించాకే ఖాళీ చేయించాలని అదే అర్జీలో రాయండి. రెండు గ్లాసులు నడిచిన పాత టీ హోటల్ మీ ఊళ్లో ఎక్కడుందో, ఇప్పుడందులో ఏముందో ముసలోళ్లని అడిగి మాకు రాసి పంపండి. వచ్చిన ఉత్తరాలు వరసగా వేస్తాం.