బోదకాలుకు మాత్ర ఒక్కటే చాలదు

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

2027 నాటికి బోదకాలు తెచ్చే ఫైలేరియాను నిర్మూలించాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. ఇంటింటికీ వచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నారు, మంచిదే. అవి కొత్తవాళ్లకు జబ్బు పాకకుండా ఆపుతాయి. ఏనాడో వాచిపోయిన కాలును మాత్రం మామూలు కాలుగా చేయలేవు. ఆ కాలుకు కావాల్సింది సేవ.

రోజూ సబ్బుతో మెల్లగా కడగాలి. వేళ్ల సందులు, చర్మం మడతలు తడి లేకుండా అద్దాలి. ఒరుసుకున్న చోట మందు రాయాలి. కూర్చున్నా పడుకున్నా కాలు ఎత్తుగా పెట్టాలి. చలిజ్వరంతో కాలు ఎర్రబడి మంటపుట్టడానికి ఎక్కువగా ఆ సందుల్లోంచి దూరే బ్యాక్టీరియాయే కారణం. అలా వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త ముదురుతుంది.

బేసిన్, మగ్గు, తువ్వాలు ఉన్న కిట్టు చేతికిచ్చి సంతకం తీసుకుంటే సరిపోదండీ. వంగలేని ముసలమ్మకు తన పాదమే అందదు. ఏఎన్ఎం పక్కన కూర్చుని, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఆ కాలును చేతుల్లోకి తీసుకుని, కడిగి, ఇంట్లోవాళ్లకు చూపించాలి. అందుకు ఆమెకు శిక్షణ కావాలి, అంతకన్నా ముందు తీరిక కావాలి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకొక రోజు ఈ పనికే కేటాయించండి. నర్సుల నెలవారీ రిపోర్టులో దీన్నీ పనిగా లెక్కించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు