మూరలో ఎన్ని పరమాణువులు?

హైడ్రోజన్ పరమాణువు వ్యాసం సుమారు ఒక ఆంగ్‌స్ట్రాం. ఆంగ్‌స్ట్రాం అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఈ రెండు వాక్యాలు మీలో చాలామందికి కంఠతా వచ్చి ఉంటాయి. పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి. అయితే, "పది కోట్లవ వంతు అంటే ఎంత బాబూ?" అని ఎవరైనా అడిగితే మాత్రం తల గోక్కుంటారు. అందులో మీ తప్పేమీ లేదు. సెంటీమీటరు స్కేలు మీద ఉంటుంది గాని మన ఒంటి మీద ఉండదు కదా!

అందుకే నేననేది ఒకటుంది. పరమాణువుల పాఠం చెప్పేటప్పుడు ఒక్కసారైనా ఆ కొలతలను జానల్లోకి, మూరల్లోకి మార్చి చూపించాలి. పాత కొలతలను మళ్ళీ వాడుకలోకి తెమ్మని నేననడం లేదు. మన దేశంలో 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు, కొలతలు అమలులోకి రావడం మొదలయింది. అది చాలా మంచి పని. నేను అడుగుతున్నది లెక్క చేసి చూడమని, అంతే.

చెయ్యి చాపండి. మోచేయి నుంచి నడిమివేలి కొస దాకా మూర. పెద్దవాళ్ళకు అది సుమారు 45 సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 10 కోట్ల ఆంగ్‌స్ట్రాంలు గనుక మూరకు 450 కోట్లు. అందులో సగం జాన, 225 కోట్లు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, అది జానలో మూడో వంతు కాబట్టి 75 కోట్లు. బార అంటే నాలుగు మూరలు, 1800 కోట్లు.

ఇప్పుడు ఒక తమాషా చూడండి. 2022 నవంబరులో భూమి మీది జనాభా 800 కోట్లకు చేరింది. వాళ్ళలో ఒక్కొక్కరినీ ఒక్కొక్క హైడ్రోజన్ పరమాణువంతగా కుదించి పక్కపక్కనే నిలబెట్టామనుకోండి. ఆ వరస పొడవెంత? 80 సెంటీమీటర్లు! రెండు మూరలకు ఇంకా బెత్తెడుకు పైగా తక్కువే. మన దేశం జనమంతా అయితే జానెడులోనే సర్దుకుంటారు, పైగా చోటు మిగులుతుంది. సెంటీమీటరులో పది కోట్లవ వంతు అని వందసార్లు వల్లె వేసినా రాని ఊహ ఈ ఒక్క లెక్కతో వస్తుందని నా నమ్మకం.

మీ గోరు సంగతి కూడా చెప్పాలి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నెలలో దాదాపు 26 లక్షల సెకన్లు. భాగించి చూడండి. సెకనుకు పదకొండు, పన్నెండు ఆంగ్‌స్ట్రాంలు వస్తుంది. మీరు ఈ పేరా చదివేలోగా ఎంత పెరిగిందో మీరే లెక్క కట్టుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఒక ఆంగ్‌స్ట్రాం ఎన్ని మూరలు అని కాలిక్యులేటరును అడిగితే అది సున్నా, చుక్క, తొమ్మిది సున్నాలు చూపి, ఆ తరువాత చోటున్నంత మేరా రెండ్లు పేర్చేస్తుంది. పిల్లలు వాటన్నిటినీ నోటుపుస్తకంలోకి ఎక్కిస్తారు. మొదటి రెండు తరువాత వచ్చే రెండ్లకు ఏ అర్థమూ లేదు. ఎందుకంటారా? మా అమ్మమ్మ పూలు కొనేటప్పుడు, "నీ మూర కాదే అమ్మాయ్, నా మూరతో వెయ్యి" అని పేచీ పెట్టేది. పూలమ్మే పిల్లది పొట్టి చెయ్యి, అమ్మమ్మది పొడుగు చెయ్యి. "మీ చేత్తో కొలిస్తే నాకేం మిగులుద్దమ్మా?" అనేది ఆ పిల్ల. ఆ రెండు చేతులకూ తేడా మూడు సెంటీమీటర్లనుకున్నా అది 30 కోట్ల ఆంగ్‌స్ట్రాంలు. కొలబద్దే కోట్లలో అటూ ఇటూ అవుతుంటే దశాంశ స్థానాలు పెంచి ఏం లాభం? "450 కోట్లు, ఉరమరగా" అంటే చాలు.

ఇంకొక మాట. మన పూర్వులు పరమాణువును ఎప్పుడో కొలిచేశారని కొందరు గొప్పగా చెబుతుంటారు. వింటే ఊరుకోకండి, కాగితం, పెన్సిలు తీయండి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఒక కొలతల వరస ఉంది. ఎనిమిది పరమాణువులు ఒక రథచక్రపు ధూళి రేణువు, ఎనిమిది రేణువులు ఒక ఈపి, ఎనిమిది ఈపులు ఒక పేను, ఎనిమిది పేలు ఒక యవగింజ నడుము, ఎనిమిది యవలు ఒక అంగుళం. ఈ అంగుళం ఇప్పటి ఇంచి కాదు, నడిమివేలి వెడల్పు. ఇరవై నాలుగు అంగుళాలు మూర గనుక ఒక అంగుళం సుమారు 19 కోట్ల ఆంగ్‌స్ట్రాంలు. ఎనిమిదిని ఐదుసార్లు హెచ్చిస్తే 32,768. దానితో భాగిస్తే కౌటిల్యుని పరమాణువు దాదాపు 5800 ఆంగ్‌స్ట్రాంలని తేలుతుంది.

ఉప్పు స్ఫటికంలో పక్కపక్కనున్న సోడియం, క్లోరిన్ పరమాణువుల కేంద్రాల మధ్య దూరం సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాంలు. ఎక్స్‌కిరణాల సాయంతో ఉప్పు స్ఫటికం నిర్మాణాన్ని లారెన్స్ బ్రాగ్ 1913లో తేల్చాడు. అంటే కౌటిల్యుని ఒక్క పరమాణువు పొడవునా ఇవి రెండువేలకు పైగా పడతాయి. పేరు ఒకటే గాని వస్తువు వేరు. దీనివల్ల ఆ గ్రంథానికి వచ్చిన చిన్నతనమేమీ లేదు. వేలి దగ్గర బయలుదేరి ఎనిమిదేసి వంతులుగా కంటికి ఆనని దాకా దిగిపోవడం చక్కని ఆలోచన. మన పాఠ్యపుస్తకాల్లో లేనిది అలాంటి మెట్ల వరసే. కాకపోతే అది ఊహించి చెప్పిన కొలత, బ్రాగ్‌ది ప్రయోగం చేసి రాబట్టిన కొలత.

ఈ ఆదివారం మీ ఇంట్లో ముగ్గురి మూరలు స్కేలుతో కొలవండి. అందరికంటే పొడుగు మూరకు, అందరికంటే పొట్టి మూరకు ఎన్ని కోట్ల ఆంగ్‌స్ట్రాంల తేడా వచ్చిందో రాసుకుని, సోమవారం మీ సైన్సు మాస్టారికి చూపించండి.